ఓడ దొంగ పాటలో ఏడు మాత్రలు

మదనపల్లెలో ఒక సాహిత్య సభలో ఒక పండితుడు నా మొహం మీద అన్న మాట నాకు ఇప్పటికీ అరగలేదు. డెబ్బైల చివర్లో సంగతి. నేనిచ్చిన కాగితాన్ని రెండు వేళ్ల కొసలతో పట్టుకుని, "నవ్వించే పాటకు ఛందస్సుతో పనేమిటి? పైగా ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ రాయడం కాగితం దండగ" అని తిరిగిచ్చేశాడు. నేను లేచి, "అయ్యా, నిన్న పీల్చిన గాలినే మీరు ఈ పొద్దూ పీలుస్తాండారే, అదీ దండగేనా?" అన్నాను. వెనక బెంచీల వాళ్లు నవ్వారు. ముందు కుర్చీల వాళ్లు నన్ను కూర్చోమన్నారు.

ఆ కాగితంలో ఉన్నది నా పద్యం కాదు. పుంగనూరులో పట్టుదారం తీసే ఒకామె కట్టిన ఓడ దొంగ పాట. దాని గురించి చెప్పాలనుకున్నది ఆ రోజు గొంతులోనే ఉండిపోయింది. ఇప్పుడు రాస్తున్నాను. కాగితం నాది, కూర్చోమనేవాళ్లు లేరు.

నేను బడికి పోయింది మూడేళ్లు. ఆ తర్వాత చేతికి ఉలి వచ్చింది. పట్టుదారం తీసే చరకాలు బాగు చేయడం నా పని. మదనపల్లె నుంచి పుంగనూరుకీ, అక్కడి నుంచి కుప్పం దాకా, ఏ షెడ్డులో చక్రం ఊగులాడినా, ఇరుసు అరిగినా నాకు కబురొచ్చేది. పాత పేపర్ల అంగట్లో అట్టలు ఊడిన ఛందస్సు పుస్తకం ఒకటి దొరికింది. మొదటి పది పేజీలు లేవు. అందుచేత ఛందస్సు నేను పదకొండో పేజీ నుంచి నేర్చుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని గురువులూ లఘువులూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంటే పక్కనున్నవాళ్లు వడ్డీ లెక్కలనుకునేవాళ్లు. గురువు ఎవరూ లేకుండా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. నేర్చుకున్నదాన్ని ఎక్కడో ఒకచోట వాడకపోతే నిద్ర పట్టదు. ఆ జబ్బు నాకు బాగా ఉండేది.

డెబ్బైల నడిమిలో, పుంగనూరు షెడ్డులో ఒక చరకా ఇరుసు మార్చడానికి వెళ్లాను. రేకుల కప్పు, లోపలంతా ఆవిరి, ఉడికిన పట్టుపురుగుల కంపు. ఒక్కో చరకాకు ఇద్దరు మనుషులు. పొయ్యి మీద వేడినీళ్ల తొట్టి ముందు ఒకరు కూర్చుని, అందులో తేలే పట్టుగూళ్ల నుంచి సన్నటి పోగులు పట్టి, పదింటిని కలిపి ఒక దారంగా పైకి పంపిస్తారు. అవతల రెండోవారు చేత్తో చక్రం తిప్పుతూ ఆ దారాన్ని చుడతారు. గూడు ఖాళీ అయ్యేకొద్దీ తొట్టి ముందున్నవారు కొత్త గూడు పోగును నడుస్తున్న దారానికి అందించాలి. అప్పుడు చక్రం కొంచెం నెమ్మదించాలి. నెమ్మదించకపోతే దారం తెగుతుంది. పూర్తిగా ఆగితే ముద్ద కడుతుంది. తిప్పే చేతికి, అందించే చేతికి ఒకటే బుద్ధి ఉండాలి.

ఒక మూల చరకా దగ్గర ఉన్నది ముస్లిం దంపతులు. తొట్టి ముందు ఆమె, చక్రం దగ్గర ఆయన. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. భర్త ఆమె కంటే పదేళ్లు పెద్ద. వయసులో మద్రాసు హార్బరులో మూటలు మోసినవాడు. వాళ్లిద్దరి మధ్య మాట ఉర్దూలో, మిగతా లోకంతో తెలుగులో. ఆయనకు చెవులు సగం పోయాయి. పక్కన నిలబడి అరిచినా మాట మాటగా అందదు. అందుకే షెడ్డు ఓనరు ఒక కన్ను ఎప్పుడూ ఆ మూల మీదే పెట్టి ఉండేవాడు. నేను ఇరుసు విప్పుతుండగా నాతోనే అన్నాడు.

"మేస్త్రీ, ఆ ముసిలాయనకు సెవుడు. నెమ్మది అంటే జోరంటాడు. దారం తెగిందంటే ఇంగొకన్ని పెడతా. ఇద్దరికీ సెప్పే ఉండా."

ఆ చక్రం పోతే ఆ మనిషికి వేరే పని లేదు. మూటలు మోసే వయసు దాటింది. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు.

కానీ ఆ రోజు వాళ్ల దారం తెగలేదు. నేను పని మరచిపోయి చూస్తూ కూర్చున్నాను. ఆమె పాడుతోంది.

మీసమేమో మూర బారూ
మొలకు కత్తీ జాన బారూ
నీళ్లు సూస్తే వణుకు పుట్టీ
నిలిసె సూడూ తెడ్డు పట్టీ
ఓడ దొంగా నీటి దొంగా
ఒడ్డుకొస్తే ఒట్టి దొంగా

ఒక్క ఓడను కొల్లగొట్టే
ఉప్పు మూటలు దొరకబట్టే
ఉప్పు నీటిలొ ఉప్పు కరిగే
ఉట్టి గోతమె చేత మిగిలే
ఓడ దొంగా నీటి దొంగా
ఒడ్డుకొస్తే ఒట్టి దొంగా

రెండు ఓడల దారి కాసే
రెట్ట మొగమున కొంగ యేసే
తుడుసుకుంటా నిలిసిపాయే
తూర్పు దిక్కున ఓడ పాయే
ఓడ దొంగా నీటి దొంగా
ఒడ్డుకొస్తే ఒట్టి దొంగా

మూడు ఓడల ముందు దూకే
ముక్కు దాకా నీళ్లు తాకే
సంగటారే రార నాయ్నా
సంద్రమొదిలీ రార నాయ్నా
ఓడ దొంగా నీటి దొంగా
ఒడ్డుకొస్తే ఒట్టి దొంగా

సముద్రం మొహం చూడని ఊళ్లో ఓడ దొంగ! మీసం మూర, కత్తి జాన. చివరికి వాళ్లమ్మ ఒడ్డున నిలబడి సంగటి ఆరిపోతోంది రమ్మని కేకేస్తోంది. నాకు నవ్వాగలేదు.

"అమ్మా, ఇది యాడ నేర్చుకున్నావు?" అన్నాను.

"నేర్సుకునేదేముందప్పా. ఆయన మద్రాసు ఓడల కతలు సెప్తా ఉంటాడు. నేను పొద్దస్తమానం ఈ తొట్టిలోకి సూస్తా కూసుంటా. గూళ్లు తేల్తా ఉంటాయి గదా, ఓడల మాదిరి. దొంగను నేనే. రోజూ దోసుకుంటా ఉండా, సంగటికి మించి ఏం మిగల్లా."

నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను. మూడు, నాలుగు. మూడు, నాలుగు. ఏడు మాత్రలకు ఒక విరుపు, పాదానికి రెండు విరుపులు, మొత్తం పద్నాలుగు. ఎక్కడా ఒక్క మాత్ర ఎక్కువ కాలేదు, తగ్గలేదు. 'రెండో ఓడకు' అని ఉంటే ఒక మాత్ర మీరేది, ఆమె 'రెండు ఓడల' అంది. అక్షరం ముక్క రాని మనిషి. ప్రాసలు చూడండి. దూకే, తాకే. పుట్టీ, పట్టీ. ఎక్కడా మాటను ఈడ్చుకొచ్చి కట్టేసినట్టు లేదు. పదాలు తమంతట తామే వచ్చి జతగా కూర్చున్నాయి. ఉప్పు అనే మాట ఒకే పాదంలో రెండుసార్లు పెట్టి, రెండో ఉప్పును మన కళ్ల ముందే కరిగించేసింది. నేను అప్పటికి పదేళ్లుగా పద్యాలు చెక్కుతున్నాను. ఒక్కటి కూడా అట్లా నడవలేదు.

అక్కడితో ఊరుకుని ఉంటే మర్యాదగా ఉండేది. కానీ నా జబ్బు ఊరుకోనిస్తుందా? మదనపల్లెకు తిరిగొచ్చే బస్సులోనే నాకు ఆ పాటలో తప్పులు కనపడడం మొదలెట్టాయి. నేను నేర్చుకున్న పుస్తకం ప్రకారం చెప్పిన మాటే మళ్లీ చెప్పడం దోషం. ఆమె చివరి రెండు పాదాలనూ నాలుగుసార్లు అవే చెప్పింది. ఇంత మంచి పాటకు ఈ బీదతనం ఎందుకు, నేను తీరుస్తాను అనుకున్నాను. వారం కూర్చుని దిద్దాను. మొదటి చోట ఆమె పాదాలే ఉంచి, మిగతా మూడు చోట్లా మూడు రకాలు పెట్టాను. 'కడలి చోరా కపట శూరా, మునిగి పోవా మూఢ వీరా' అని ఒకచోట. 'జలధి కేళీ జంబుకమ్మా' అని ఇంకొకచోట. ఉప్పు రెండుసార్లు వచ్చిందని 'లవణమంతా కరగి పోయే' అన్నాను. మాత్రలు సరిగ్గా సరిపోయాయి. కావలిస్తే ఇప్పుడైనా లెక్కపెట్టుకోండి, ఏడూ ఏడూ. నన్ను నేనే మెచ్చుకుని, తెల్ల కాగితం మీద రాసుకుని, పని లేకపోయినా పుంగనూరు బస్సెక్కాను.

నేను చదివి వినిపించాను. ఆమె గూళ్లు ఏరుతూ రెండుసార్లు విన్నది. మూడోసారికి నోటికి వచ్చేసింది.

"జంబుకమ్మ అంటే ఎవరప్పా? ఆయన పెండ్లామా?"

"నక్క అమ్మా. సంస్కృతం."

"నక్క సంద్రంలో యాల దిగిందప్పా?" అని నవ్వి, మళ్లీ నా మొహం చూసి ఊరుకుంది. "సరేలే. నువ్వు సదువుకున్నోడివి, ఇంత దూరం వచ్చి సెప్తాండావు. ఇట్లనే పాడతా."

నా మీద గౌరవంతో ఒప్పుకుంది. ఆ గౌరవమే కొంప ముంచింది.

మొదటి చరణం బాగానే పోయింది. రెండో చరణం చివర 'కడలి చోరా' అన్నది. అంటూనే కొత్త పోగు అందించింది. చక్రం నెమ్మదించలేదు. దారం పుటుక్కున తెగింది. ఆమె ముడి వేసి మళ్లీ మొదలెట్టింది. మళ్లీ అదే చోట తెగింది. ముడి వేసి అక్కడి నుంచి ముందుకు పోతే, మూడోసారి 'జలధి కేళీ' దగ్గర తెగింది. ఆయన చక్రం ఆపి, ఆమె మొహం కేసి చూస్తున్నాడు, తానేం తప్పు చేశాడో తెలియక. ఓనరు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"సెప్పినానా లేదా? మూడు తూర్లు! రేపట్నించి ఆయన్ని ఇంట్లో కూసోబెట్టు. నీకు మంచి పిల్లోన్ని ఇస్తా."

ఆమె తడి చేతులు చీర చెంగుకు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"అప్పా, ఆయనకు నా పాట యినపడదు. దొం, దొం అనేది ఒకటే తగుల్తాది సెవికి, డోలు మాదిరి. అది తగిలినప్పుడు సెయ్యి నెమ్మది సేస్తాడు. నేను పోగు అందిస్తా. పాట మారినా పర్లా, అది మాత్రం మారకూడదు. నాకు నోటికి సెప్పడం రాలా, నువ్వు అడగనూ లేదు."

నా చేతిలో కాగితం ఉంది. ఇరవై ఏళ్లు చరకాలు బాగు చేసినవాణ్ణి. ఏ చక్రం ఎక్కడ నెమ్మదించాలో నిద్రలో అడిగినా చెబుతాను. మాత్రలు లెక్కపెట్టడమూ తెలుసు. ఈ రెండు విద్యలూ నా ఒక్క ఒంట్లోనే ఉండి ఒకదానికొకటి పలకరించుకోలేదు! మూడు మాత్రల దగ్గర పిడి పైకి లేస్తుంది, నాలుగు మాత్రల దగ్గర బరువుగా కిందికి దిగుతుంది. ఏడు మాత్రలకు చక్రం ఒక చుట్టు. ఆమె పాట చక్రం మీద పుట్టింది. 'కడలి' అన్నా 'ఓడ' అన్నా కాగితం మీద మూడు మాత్రలే. కానీ 'కడలి' మూడు చిన్న అడుగులు వేసి ఆవిరిలో కలిసిపోతుంది. 'ఓడ' నిలబడుతుంది. దాని వెనకే 'దొంగా' వచ్చి గుండె మీద తడుతుంది. ఆ తేడా చెప్పే పేజీ నా పుస్తకంలో లేదు. పోయిన మొదటి పది పేజీల్లో ఉందేమో అని ఎవరైనా అంటారు. లేదు, తర్వాత మంచి ప్రతి కొని చూశాను.

ఓనరు దగ్గరికి పోయాను. "తప్పు నాది. ఆయనది కాదు. పాత పాటతో ఒక్క తొట్టి గూళ్లు తియ్యనియ్యి అన్నా" అని అడిగాను.

"దారానికీ పాటకీ ఏంది మేస్త్రీ సంబంధం?"

"సూడు. నీకే తెలుస్తాది."

"ఒక్క తొట్టి. ఒక్క తూరి తెగినా నేను ఇనేది లేదు."

ఆమె కొత్త గూళ్లు నీళ్లలో వేసింది. ఆయన భుజం మీద వేలితో తట్టి, చేత్తో సైగ చేస్తూ ఉర్దూలో ఒక ముక్క చెప్పింది. పాడడం మొదలెట్టింది. 'ఓడ దొంగా' దగ్గర ఆమె గొంతు సాగింది. ఆయన మోచెయ్యి మెత్తబడింది. కొత్త పోగు దారంలో కలిసిపోయింది. 'ఒక్క ఓడను' దగ్గర చక్రం మళ్లీ జోరందుకుంది. పాట అయిపోయి మళ్లీ మొదటికొచ్చింది, మళ్లీ అయిపోయింది. చరణాల్లో ఏం జరుగుతుందో తెలిసినా ప్రతిసారీ నవ్వొస్తోంది. పక్క చరకాల వాళ్లు 'సంగటారే' దగ్గర గొంతు కలుపుతున్నారు. ఎన్నిసార్లు తిరిగినా ఆ రెండు పాదాలు ఒక్క వెంట్రుకవాసి కూడా మారలేదు. అప్పుడు అర్థమైంది నాకు, చరణాలు మనిషిని మేలుకొని ఉంచడానికి, ఆ రెండు పాదాలు చేతిని నమ్మించడానికి అని. తొట్టి ఖాళీ అయ్యేసరికి దారం తెగలేదు. ఓనరు గొణుక్కుంటూ పోయాడు, రేపటి మాట ఎత్తకుండా.

ఆమె మాత్రం నన్ను వదల్లేదు. తొట్టి నీళ్లు మారుస్తూ, అప్పటికప్పుడు, షెడ్డంతా వినేట్టు అందుకుంది.

పెద్ద బుక్కూ సంకబెట్టీ
పాట దిద్దే ఉలిని పట్టీ
దారమంతా తుంపె సామీ
దండమింకా సాలు సామీ
ఓడ దొంగా నీటి దొంగా
ఒడ్డుకొస్తే ఒట్టి దొంగా

షెడ్డు షెడ్డంతా నా వైపు చూసి నవ్వింది. నాకు రోషం వచ్చిందా అంటే వచ్చింది. నడుస్తూ నడుస్తూ మాత్రలు లెక్కపెట్టాను కూడా. ఏడూ ఏడూ. పొల్లు లేదు. ఆశువుగా!

అదీ సంగతి. మదనపల్లె సభలో నేను ఇచ్చింది ఆ పాట, దిద్దని పాట. ఆ పండితుడికి ఒక్కరోజు చరకా పిడి ఇచ్చి కూర్చోబెట్టి ఉంటే బాగుండేది.

ఎనభైల మొదట్లో పుంగనూరు షెడ్డు మూసేశారు. ఆ దంపతులు కుప్పం పోయి అక్కడొక షెడ్డులో అడిగారు. ఆ ఓనరు ఇంట్లో మాట తమిళం. ఒక్క పూట పని చేయించి చూసి, దారం బాగా వస్తే ఉంచుకుంటానని, లేకపోతే సాయంత్రం బస్సుకు పొమ్మని చెప్పాడట. అదే రోజు ఆ షెడ్డులో వేరే చరకా పనికి నేను వెళ్లడం నా అదృష్టం. గుమ్మంలో అడుగు పెట్టేసరికి పాట వినపడింది. కానీ ఏదో ఈడ్చుకుంటున్నట్టు ఉంది. అప్పటికే రెండుసార్లు దారం తెగింది. ఆమె భర్తకు అప్పటికి చెవులు పూర్తిగా పోయాయి. ఆమె పెదవులు చూసి తిప్పుతున్నాడు. 'దొంగా' అన్నప్పుడల్లా ఆమె నోరు పెద్దగా తెరుచుకుంటుంది కదా, అది చూసి.

ఆమె నన్ను చూసి పలకరింపులు కూడా పెట్టుకోలేదు.

"అప్పా, ఈడ పాట సాల్లేదు. పిడి పైకి లేసేలోపల అయిపోతాంది. నిదానంగా పాడితే ఊపిరి ఆడదు. ఏమైందో సూడు."

పక్కన మోకాళ్ల మీద కూర్చుని చక్రం తిరగడం చూశాను. నోట్లో పాట అనుకున్నాను. మూడు దగ్గర పిడి పైకి చేరడం లేదు. ఇంకా బెత్తెడు దూరంలో ఉంది. చక్రం పుంగనూరులో ఉన్నంతే ఉంది. పిడి బిగించిన కొయ్యచెయ్యి మాత్రం నాలుగు వేళ్లు పొడుగు. చెయ్యి పెద్ద చుట్టు తిరగాల్సి వస్తోంది. ఏడు మాత్రల పాటకు తొమ్మిది మాత్రల చక్రం.

"పిడిని లోపలికి జరపాల" అన్నాను ఓనరుతో. "నాలుగు వేళ్ల ఇవతల కొత్త బెజ్జం వెయ్యాల."

"ఎన్నాపా ఇది? నా చరకాకు బెజ్జమా? మిగతా వాళ్లంతా దీంతోనే తిప్తాండారు గదా!"

"మిగతా వాళ్లు తిప్పినప్పుడు తెగలేదా?"

తెగుతూనే ఉంది. పక్క చరకా కింద ముడుల దారం కుప్పగా పడి ఉంది.

"చెడిపోతే కొత్త కొయ్యచెయ్యి నేను చేసిస్తా. కూలి అడగను" అన్నాను. ఇంకేమీ అనకముందే సంచిలోంచి బెజ్జం వేసే బరమా తీశాను. కొయ్య గట్టిది. బెజ్జం పడడానికి చాలాసేపు పట్టింది. ఆమె తొట్టి కింద మంట తగ్గించి, గూళ్లు మెత్తబడిపోకుండా కాచుకుంది. ఆమె భర్త నా చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు. పిడి బిగించి, చక్రం ఒక చుట్టు తిప్పి, ఆయన చేతికిచ్చాను. ఆయన రెండు చుట్లు ఊరికే తిప్పాడు. మూడో చుట్టుకు ఆమె కేసి చూసి తల ఆడించాడు.

ఆమె మొదలెట్టింది. మీసమేమో మూర బారూ. మూడుకు పైకి, నాలుగుకు కిందికి. ఓడ దొంగా అన్నప్పుడు ఆయన కళ్లు ఆమె నోటి మీద నిలిచాయి, మోచెయ్యి మెత్తబడింది, పోగు కలిసింది. ఓనరు మొదట దూరంగా నిలబడ్డాడు. రెండో ఓడ దగ్గర పక్కకొచ్చాడు. కొంగ రెట్ట వేసే చోట ఆయనకు తెలుగు ఎంత అర్థమైందో తెలియదు గానీ మూతి ముడుచుకుని నవ్వాపుకున్నాడు. చక్రం మీది దారాన్ని రెండు వేళ్ల మధ్య మెల్లగా పట్టి చూశాడు. ఎక్కడా లావు లేదు, సన్నం లేదు.

"రేపు ఎన్ని గంటలకు వస్తారు?" అని చక్రం తిప్పే ఆయన్నే అడిగాడు.

ఆయన ఓనరు వైపు చూడలేదు. 'మూడు ఓడల' చరణం ఇంకా మిగిలి ఉంది. ఆమె పాడుతూనే, కొత్త గూడు అందుకోబోతున్న చేతిని పైకెత్తి ఐదు వేళ్లు, ఆ వెంటే ఇంకొక వేలు, ఆరు అని చూపించింది.